దేవరాజు, మూడు తాటిచెక్కలు

“నువ్వు డ్రైవరువా, తాపీమేస్త్రివా?”

అడిగింది ఆనంద్ పాల్ గారు. ఏలూరు పవర్‌పేటలో ఒక చిన్న మిషన్ క్లినిక్‌కి ఆయన సెక్రటరీ. బ్యాంకులో ఆఫీసరుగా చేసి రిటైరైన మనిషి, లెక్క చూసుకోకుండా అగ్గిపుల్ల కూడా గియ్యడు. 2001 డిసెంబరులో ఒక గురువారం, క్లినిక్ వ్యాను లంకల్లో తిరిగి ఏం చేస్తోందో కళ్ళారా చూద్దామని మొదటిసారి దాంట్లో ఎక్కి వచ్చాడు. కొల్లేటి ఒడ్డున ఒక చేపలచెరువు గట్టు మీద బండి ఆగి పావుగంటయింది. మందులకి వచ్చినవాళ్ళు వరసకట్టి నిలబడ్డారు. డ్రైవరు దేవరాజు మాత్రం చక్రం ముందు ఒక తాటిచెక్క పెట్టాడు. ఎక్కి, జానెడు ముందుకి పోనిచ్చి, చక్రాన్ని చెక్క మీదికి ఎక్కించాడు. లోపలికెళ్ళి ఏదో చూశాడు. తల అడ్డంగా ఊపాడు. బండి వెనక్కి దింపి, ఆ చెక్క తీసి ఇంకోటి పెట్టాడు. అప్పుడు పడింది ఆ ప్రశ్న.

“రెండూ కొంచెం కొంచెం అండీ,” అన్నాడు దేవరాజు మోకాళ్ళకంటిన మట్టి దులుపుకుంటూ. “అయిపోవచ్చిందండీ. చిన్నోణ్ణి తీసి నడిపోణ్ణి పెట్టాను. ఇప్పుడు సరిపోద్ది.”

“వాళ్ళెవరు?”

వరసలో నిలబడ్డవాళ్ళు నవ్వారు. ఆ లంకల్లో పసిపిల్లలకి కూడా వాళ్ళు తెలుసు. మూడంగుళాల మందం చెక్క పెద్దాడు, రెండంగుళాలది నడిపోడు, అంగుళంది చిన్నోడు. ముగ్గురూ ఒకే తాడిమాను బిడ్డలు. పదహారేళ్ళుగా వ్యాను సీటు కిందే కాపురం.

దేవరాజు గురించి మాట్లాడమంటే సేవ, త్యాగం, పిలుపు అని మొదలుపెట్టేవాళ్ళు క్లినిక్ వార్షికోత్సవాల్లో చాలామందే ఉండేవారు. ఆయన నెలజీతానికి పనిచేశాడు. జీతం ఒకటో తారీకు దాటితే నోరు తెరిచి అడిగాడు కూడా. గణపవరం దగ్గర రైసుమిల్లులో బస్తాలు మోసిన తండ్రికి మూడో కొడుకు. చదువు ఏడో తరగతి. పందొమ్మిదేళ్ళకి ఆకివీడులో చేపల లారీ క్లీనరు, ఇరవై మూడేళ్ళకి అదే లారీకి డ్రైవరు. ఆదివారం చర్చిలో ఆఖరి బెంచీ ఆయనది. ప్రసంగం గంట దాటితే నెమ్మదిగా బయటికి జారుకుని, ఎవరి బండైనా సరే, టైర్లు నొక్కి చూస్తూ కాలక్షేపం చేసేవాడు.

1985లో క్లినిక్‌లో చేరింది ఆ వ్యాను కోసమే. దాని కథ వేరు. హెల్గా అనే డేనిష్ నర్సు 1976లో దాన్ని తన దేశం నుంచి రోడ్డు మీద తోలుకుంటూ వచ్చింది. ఇంటిని చక్రాలకెత్తినట్టు ఉండేది. లోపల పడుకోవడానికి మంచం, రెండు బర్నర్ల పొయ్యి, గిన్నెలు కడుక్కునే తొట్టి, తొట్టి కింద ఒక ఫ్రిజ్. స్టీరింగు ఎడమపక్క ఉండేది కాబట్టి ఎదురుగా వచ్చే బస్సుల డ్రైవర్లు ఖాళీ సీటు చూసి దడుచుకునేవారు. ఎనభై ఏడులో దొరసాని స్వదేశం వెళ్ళిపోతూ బండిని క్లినిక్‌కి ఇచ్చేసింది. మంచం రోగులని పరీక్షించే బల్లయింది. పొయ్యి సూదులు మరగబెట్టడానికి పనికొచ్చింది. ఫ్రిజ్‌లో మందులు పెట్టారు.

ఆ ఫ్రిజ్ మామూలుది కాదు. దానికి మోటారు లేదు, చప్పుడు లేదు. వెనక అడుగున చిటికెనవేలంత నీలం మంట ఉండేది, గ్యాసు సిలిండరు మీద నడిచేది. మంట పెడితే చల్లబడే యంత్రం ఏమిటని మొదట్లో దేవరాజు నమ్మలేదు. హెల్గా దొరసాని ఒక సెలైన్ గొట్టాన్ని మెలికలు తిప్పి చేత్తో పట్టుకుని, రంగునీళ్ళు పోసి చూపించింది. మంట వేడికి పైపులో మందు ఆవిరై పైకిపోతుంది. చల్లబడి, తన బరువుతో తనే మెలికల్లోంచి కిందికి దిగి వస్తుంది. దాన్ని తోసేవాడెవడూ లేడు. వాలు ఒక్కటే దాని బలం. ఆ తర్వాత గొట్టాన్ని కాస్త పక్కకి ఒరగబెట్టింది. రంగునీళ్ళు ఒక మెలికలో ఆగిపోయాయి, కదల్లేదు. “మంటకి ఈ సంగతి తెలీదు,” అంది తనకి వచ్చిన తెలుగులో. “అది ఖాళీ పైపుని కాలుస్తానే ఉంటుంది.” ఎక్కువసేపు అలా కాలితే లోపల ఏదో పేరుకుని దారి మూసుకుపోతుంది. మూసుకుపోతే ఈ దేశంలో దానికి విడిభాగం దొరకదు.

బండి నడుస్తున్నప్పుడు కుదుపులకి లోపలి నీరు కదులుతూనే ఉంటుంది, అప్పుడు భయం లేదు. అయినా మంటతో ప్రయాణం చెయ్యకూడదు కాబట్టి దారంతా గ్యాసు కట్టేసి, మందులు ఆ చలువలోనే ఉండేలా తలుపు తెరవకుండా తెచ్చేవాడు. ప్రమాదమంతా ఆగాక వెలిగించినప్పుడే. అందుకని దేవరాజు ఒక సాధనం తయారుచేసుకున్నాడు. మూతతీయని గాజు సెలైన్ బుడ్డిని మందులపెట్టె చెక్కతో చేసిన చిన్న ఉయ్యాలలో పడుకోబెట్టి, గాలిబుడగ ఎక్కడ నిలవాలో ఎర్ర ఎనామిల్‌తో రెండు గీతలు గీశాడు. ఫ్రిజ్ పైఅర మీద దాన్ని ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా పెట్టేవాడు. బుడగ సగం గీత దాటితే చెక్క మార్చాల్సిందే. ఆ తర్వాత చక్రాలకి రాళ్ళు, వెనక గాలిచిల్లుల ముందు గోడ గానీ గడ్డిమేటు గానీ లేకుండా చూడటం, పైకిటికీ తెరవడం, ఆఖర్న అగ్గిపుల్ల. ప్రతి నెలా ఒకటో తారీకున గ్యాసుపైపుకి సబ్బునురుగు రాసి బుడగలు లేస్తున్నాయేమో చూసేవాడు. మంట పీల్చిన గాలి నిద్రలో ప్రాణం తీస్తుందని, అది ఉన్నంతసేపూ బండిలో ఎవర్నీ కునుకు తియ్యనిచ్చేవాడు కాదు. చెరువుగట్ల మీద గంటసేపు ఎండలో నిలబడ్డ ముసలివాళ్ళు బల్ల మీద ఒరుగుతామంటే, “నిద్దరొస్తే బయట నీడలో పడుకోండి పిన్నిగారూ, ఇక్కడ కాదు,” అనేవాడు.

ఇప్పుడు తలుచుకుంటే ఆ గురువారాలన్నీ ఒకే గురువారంలా అనిపిస్తాయి దేవరాజుకి. పొద్దున్నే గట్ల మీద పచ్చి చేపమేత వాసన, నీళ్ళమీద నుంచి బరువుగా లేచే గూడబాతులు, స్టీలు గ్లాసులో అతిథికి పోసినంత తీపి టీ. సూది వేయించుకున్న పిల్లలకి చాక్లెట్లిచ్చే స్తోమత క్లినిక్‌కి లేదు. దానికి బదులు దేవరాజు వాళ్ళని బండి వెనక్కి తీసుకెళ్ళి, ఒక్కొక్కరికీ ఆ చిన్న కంతలోంచి నీలం మంట చూపించేవాడు. మంట చూడటానికని రెండోసారి సూది వేయమన్న పిల్లలున్నారు. నర్సు పెర్సిస్ ఆ మాట చెప్పి చెప్పి నవ్వేది. 2001లో ఆవిడకి ఇరవై ఆరేళ్ళు. దేవరాజుని బాబాయ్‌గారూ అనేది, తప్పు చేస్తే మాత్రం మొహమాటం లేకుండా అడిగేది.

2002 ఎండాకాలంలో దేవరాజుకి టైఫాయిడ్ వచ్చి నెల్లాళ్ళు మంచం పట్టాడు. అదే నెలలో ద్వారకా తిరుమల కొండ కింద యాత్రికులకి వైద్యశిబిరం పెట్టారు. బదులు డ్రైవరు వ్యానుని ఏటవాలు రోడ్డు మీద ఆపి, మంట వెలిగించి, భోజనానికి పోయాడు. సాయంత్రానికి ఫ్రిజ్ చల్లదనం చచ్చింది. దాన్ని బతికించింది అబ్దుల్ మజీద్. ఏలూరులో ఫ్రిజ్‌లు బాగుచేసే మెకానిక్. గ్యాసు తీసేసి, ఫ్రిజ్‌ని బండిలోంచి ఊడదీసి, ఒక రోజంతా తలకిందులుగా నిలబెట్టాడు. పేరుకున్నది కరిగి కలిసింది. కానీ ఆ సంగతి విన్న క్లినిక్ కమిటీ ఒక తీర్మానం రాసుకుంది. ఇంకొకసారి ఫ్రిజ్ పాడైతే వ్యానుని అమ్మెయ్యాలి. తాడేపల్లిగూడెంలో పాత ఇనుము కొనే షావుకారు ధర కూడా చెప్పాడు. ఆనంద్ పాల్ గారు ఆ అమ్మకం ఉత్తరం టైపు చేయించి, తేదీ ఖాళీగా వదిలి, ఫైల్లో పెట్టుకున్నారు.

ఆ ఉత్తరం ఉందని దేవరాజుకి తెలుసు. వ్యాను పోతే ఆయనకి ఇంకో ఉద్యోగం దొరకదని కాదు, ఆకివీడులో లారీలు బోలెడు. కానీ ప్రతి గురువారం వ్యాను ఆగే కొమ్మరలంకలో ఇన్సులిన్ మీద బతుకుతున్నవాళ్ళు ఏడుగురు. వాళ్ళు వారం వారం సీసా తీసుకెళ్ళి ఇంట్లో తడిగుడ్డ చుట్టిన కుండలో దాచుకునేవారు. వ్యాను రాకపోతే ఏలూరు వెళ్ళిరావాలి. పడవ, ఆటో, బస్సు. ఒక రోజు కూలి పోతుంది, ఛార్జీలు పోతాయి. రెండు వారాలు వెళ్తారు, మూడో వారం మానేస్తారు. మానేస్తే ఏమవుతుందో పెర్సిస్ చెప్పకపోయినా దేవరాజుకి తెలుసు. ఆయన తల్లి కాలు తీసేసింది చక్కెరజబ్బుకే.

ఆ ఏడుగురిలో ఒకాయన బాలస్వామి. కొమ్మరలంక పెద్ద. ఊరి ఉమ్మడి చెరువు కౌలు డబ్బు ఆయన చేతిమీదుగా ఖర్చయ్యేది. ప్రతి గురువారం దేవరాజు చక్రాల కింద చెక్కలు మార్చడం చూసి చూసి ఆయనకి జాలేసింది.

“ఎన్నాళ్ళండీ దేవరాజుగారూ మీకీ తిప్పలు? మా ఊరొచ్చి మీరు మట్టిలో దొర్లుతుంటే మాకు నామర్దా కాదేటండీ?”

“అలవాటైపోయిందండీ బాలస్వామిగారూ. ఇదో చిన్న కసరత్తు.”

“కసరత్తు చేసే వయసేనా?”

ఆ మాట అక్కడితో ఆగిందనుకున్నాడు దేవరాజు. 2005 జులైలో ఒక గురువారం లంక మొదట్లోనే మనుషులు అడ్డం నిలబడి, “అక్కడ బురదగా ఉందండీ, ఈ వారానికి బడి దగ్గర ఆపండి,” అని బండి మళ్ళించారు. పైవారం వెళ్ళేసరికి ఊరంతా ఎదురొచ్చింది. ఎప్పుడూ బండి ఆగే చోట ఇరవై అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పున సిమెంటు చప్టా. నాలుగు మూలలా అరటిపిలకలు. మధ్యలో రంగుకాగితాల రిబ్బను. వ్యాను కోసం ఊరు డబ్బు పోగేసి కట్టించింది. కట్టినవాడు బంగార్రాజు. ఆ లంకలోనే పుట్టి చుట్టుపక్కల నాలుగూళ్ళకి ఇళ్ళు కట్టిన మేస్త్రి. ఉతికిన చొక్కా వేసుకుని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, చప్టా పక్కన నిలబడి ఉన్నాడు.

“ఇంక మీ పెద్దాణ్ణీ నడిపోణ్ణీ చిన్నోణ్ణీ బళ్ళో వేసెయ్యండి!” అన్నాడు బాలస్వామి. జనం గొల్లుమన్నారు.

రిబ్బను తెంపారు. వ్యాను చప్టా ఎక్కింది. దేవరాజుకి శాలువా కప్పారు. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టారు. ఆయన సృష్టి దగ్గర మొదలుపెట్టి సిమెంటు దాకా రావడానికి ముప్పావుగంట పట్టింది. మధ్యలో వాన పడింది. అయిదు నిమిషాల జల్లు. ఆగాక చూస్తే చప్టా మీద ఒక్క చుక్క నిలవలేదు. నీళ్ళన్నీ ఎవరో పిలిచినట్టు ఎడమపక్కకి జారిపోయాయి.

“అదండీ పనితనమంటే! నున్నగా చీపురేసి తుడిచినట్టు!” అన్నారెవరో. అందరూ చప్పట్లు కొట్టారు. బంగార్రాజు తలొంచుకుని నవ్వాడు.

దేవరాజు చప్పట్లు కొడుతూనే ఆ నీళ్ళు వెళ్ళిన వైపు చూశాడు. నీరు జారేలా నేలకిచ్చే ఆ వాలుని మేస్త్రీలు వాటం అంటారు. కొల్లేటి పక్కన, వానలోనూ ముంపులోనూ బతికే ఊళ్ళో, వాటం లేకుండా చప్టా పోసే మేస్త్రి ఉండడు. పోస్తే జనం తిడతారు. బంగార్రాజు పది అడుగులకి ఆరంగుళాల వాటం పెట్టాడు, పశువులశాలకి పెట్టినంత ధారాళంగా. వాళ్ళకి తెలిసిందల్లా ఒకటే: నేల మెత్తగా, గతుకులుగా ఉంది కాబట్టి డ్రైవరుగారు చెక్కలు పెట్టుకుంటున్నారు. గట్టి నేల పోస్తే చెక్కలక్కర్లేదు. ఫ్రిజ్ సంగతి వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాడు ఒక్కడే, ఆయన శాలువా కప్పుకుని నిలబడి ఉన్నాడు.

పెర్సిస్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. “బాబాయ్‌గారూ, బుడ్డి పెట్టి చూడలేదేంటండీ?”

“చూద్దాంలే అమ్మా.”

“మంట వెలిగించేశారు కదా?”

“ఎండ చూడు. వెలిగించకపోతే మందులేమైపోతాయి? వీళ్ళు కాస్త చెదిరాక చెక్క పెడతా.”

“ఇప్పుడే పెట్టొచ్చుగా?”

“వాళ్ళ మొహాలు చూడు, నువ్వే చెప్పు, ఎలా పెట్టమంటావు?”

భోజనానికి పిలిచినవాళ్ళ ఇంట్లో మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఉప్పు అడిగితే ఎలా ఉంటుంది? ఇది అంతకంటే ఘోరం. వంటచేసిన మనిషి ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఒక్క పూటకి ఏమవుతుందిలే అనుకున్నాడు దేవరాజు. ఇరవై ఏళ్ళలో ఆ మాట ఎన్నడూ అనుకోలేదు. ఎవరైనా అంటే కసురుకునేవాడు.

జనం చెదరలేదు. మందులు తీసుకున్నవాళ్ళు కూడా చప్టా చుట్టూ కూర్చున్నారు. పులిహోర పంచారు. పదకొండున్నరకి పెర్సిస్ ఇన్సులిన్ తియ్యడానికి ఫ్రిజ్ తలుపు తెరిచి, లోపలి థర్మామీటరు చూసి, “బాబాయ్‌గారూ!” అని అరిచింది. ఎనిమిది దాటకూడని చోట పదకొండు. దేవరాజు బండి వెనక్కి పరిగెత్తాడు. గాలిచిల్లుల దగ్గర చెయ్యి పెట్టలేకపోయాడు. కాలిన రంగువాసన.

ముందు సిలిండరు కట్టేశాడు. “అందరూ దిగండి! బీడీలు ఆర్పండి! ఇటు కాదండీ, గాలి ఎటునుంచి వస్తోందో అటు పొండి!” తలుపులూ కిటికీలూ బార్లా తెరిచాడు. అప్పుడు దగ్గరికి వంగి, కొంచెం కొంచెంగా వాసన చూశాడు. కళ్ళలోంచి నీళ్ళు తెప్పించే ఘాటు వస్తే పైపు పగిలినట్టు. అలా అయితే మజీద్ కాదుగదా ఎవరూ ఏమీ చెయ్యలేరు. ఘాటు రాలేదు.

“మందులో?” అన్నాడు బాలస్వామి.

ఫర్లాంగు దూరంలో ఇంకో చెరువు దగ్గర చేపల పట్టుబడి జరుగుతోంది. లారీలోకి తట్టలెత్తుతున్నారు. దేవరాజు పరిగెత్తి రెండు తట్టల ఐసు తెచ్చాడు. లారీ డ్రైవరు ఎందుకని అడగలేదు, ఒకప్పుడు ఇద్దరూ ఒకే షెడ్డులో పనిచేసినవాళ్ళు. పెర్సిస్ టీకాల డబ్బాలో అడుగున ఐసు పోసింది.

“నేరుగా పెట్టకూడదండీ, ఇన్సులిన్ గడ్డకడితే పారబొయ్యడమే. ఏదైనా గుడ్డ, దళసరిది!”

దేవరాజు భుజం మీద శాలువా తీసిచ్చాడు. జరీ అంచు, పన్నెండొందల రూపాయల శాలువా అని తర్వాత ఎవరో చెప్పారు. అది వార్షికోత్సవాల్లో కప్పే ఏ శాలువా చెయ్యనంత పని ఆ పూట చేసింది. థర్మామీటరు దాంట్లో దోపి, ప్రతి పదినిమిషాలకీ పెర్సిస్ అంకె రాసుకుంది. పన్నెండు దాటి అయిదు నిమిషాలకి మళ్ళీ ఏడుకి వచ్చింది. ఒక్క సీసా పాడవలేదు. ఆ వారమంతా ఏడుగురి ఇన్సులిన్ పెట్టెలూ చేపల వాసన కొట్టాయి.

ఈలోగా ఊరు బంగార్రాజు మీద పడింది.

“మట్టంగా కట్టమంటే పశువులపాక కట్టావేటయ్యా?”

“మట్టంగా కట్టమని ఎవరన్నారండీ? గట్టిగా కట్టమన్నారు,” అన్నాడు బంగార్రాజు. “నీళ్ళు నిలిచే చప్టా నా చేత్తో నేను పొయ్యను. ఇందాకా చప్పట్లు కొట్టింది దేనికంట?”

“నీ మిగతా కూలి ఇచ్చేది లేదు. అది కొట్టి మళ్ళీ మట్టంగా పొయ్యి, అప్పుడు చూద్దాం,” అన్నాడు బాలస్వామి.

దేవరాజు కలగజేసుకున్నాడు గానీ ఆ గోలలో ఆయన మాట ఎవరికీ వినపడలేదు.

ఆ సాయంత్రం ఏలూరులో మజీద్ ఫ్రిజ్ వెనక చూసి పెదవి విరిచాడు. “రెండోసారండీ దేవరాజుగారూ. మొదటిసారి తలకిందులు చేస్తే లేస్తాయి. రెండోసారి కొన్ని లేస్తాయి, కొన్ని లేవు. మీరు తోలుతుండగా ఇలా ఎలా అయిందండీ?”

“మొహమాటం వల్ల అయిందండీ.”

“దానికి నా దగ్గర స్పేరు లేదు,” అన్నాడు మజీద్.

శుక్రవారం పొద్దున తలకిందులుగా నిలబెట్టారు. మధ్యాహ్నం ఒక పక్కకి, సాయంత్రం ఇంకో పక్కకి తిప్పారు. శనివారం నిటారుగా పెట్టి లోపలిదంతా దిగేదాకా ముట్టుకోలేదు. సోమవారం పొద్దున మజీద్ రసమట్టం పెట్టి, దుకాణం నేల మీద అట్టముక్కలు సర్ది, వాకిలి తెరిచి మంట వెలిగించాడు. ఆయన భార్య జులేఖా స్టీలు గ్లాసులో మంచినీళ్ళు తెచ్చి పైఅరలో పెట్టింది. దేవరాజు దుకాణం ముందు బల్ల మీద కూర్చున్నాడు. మధ్యాహ్నం దాకా గ్లాసు గోరువెచ్చగానే ఉంది. మూడింటికి మజీద్ గ్లాసు తీసి, దేవరాజు చెంపకి ఆనించాడు. చల్లగా ఉంది.

మంగళవారం కమిటీ. ఆనంద్ పాల్ గారి ముందు ఫైలు తెరిచి ఉంది. తేదీ లేని ఉత్తరం పైనే ఉంది.

“మేస్త్రి చప్టా ఏటవాలుగా కట్టాడు, అందువల్ల జరిగింది అని రాసేద్దాం,” అన్నాడాయన. “నీ తప్పు లేనట్టేగా దేవరాజూ. బండి సంగతి కూడా మళ్ళీ ఆలోచించొచ్చు.”

అది దయతో అన్న మాటే. ఒప్పుకుంటే అందరికీ సుఖం, ఆ గదిలో లేని ఒక్కడికి తప్ప.

“అలా రాయకండి సెక్రటరీగారూ,” అన్నాడు దేవరాజు. “ఆయన వాన కోసం కట్టాడండీ. సరిగానే కట్టాడు. ఫ్రిజ్ ఒరక్కూడదని ఆయనకి తెలీదు, నాకు తెలుసు. బుడ్డి నా సీటు పక్కనే ఉంది. వాటం కళ్ళారా చూశాను. చూసి కూడా మంట ఆర్పలేదు. నలుగురిలో చెక్క తియ్యడానికి సిగ్గుపడ్డాను. తప్పు నాదండీ.”

ఆనంద్ పాల్ గారు పెర్సిస్ రాసిన అంకెల కాగితం అడిగి, కళ్ళజోడు పెట్టుకుని, పదినిమిషాలకొకటి చొప్పున అన్నీ చదివాడు.

“అయితే ఆ రోజు తాపీమేస్త్రి సరిగానే చేశాడన్నమాట. డ్రైవరే పని మానేశాడు,” అన్నాడు. “ఇకనుంచి ఆగిన ప్రతిచోటా బుడగ ఎక్కడుందో పుస్తకంలో రాసి సంతకం పెట్టు.”

ఉత్తరం మళ్ళీ ఫైల్లోకి వెళ్ళింది. దాన్ని ఆయన పంపలేదు, చింపనూ లేదు.

ఆ గురువారం కొమ్మరలంకలో సమ్మెట పట్టుకుని ఇద్దరు మనుషులు సిద్ధంగా ఉన్నారు, చప్టా పగలగొట్టడానికి. దేవరాజు వాళ్ళని ఆపి, సీటు కింద నుంచి పెద్దాణ్ణి తీశాడు. తాడిమాను పెద్దాడు ముందు ఎడమచక్రానికి. తాడిదే, అంత మందమే ఉన్న ఇంకో ముక్క కోయించి తెచ్చాడు, అది వెనక ఎడమచక్రానికి. ఎక్కించాడు. ఊరి జనాన్ని ఒక్కొక్కరినే లోపలికి పిలిచి బుడ్డి చూపించాడు. బుడగ రెండు ఎర్రగీతల మధ్య, గీసి పెట్టినట్టు నిలబడింది.

“వ్యాను చక్రాల మధ్య అయిదడుగులు. మీ వాటానికి మూడంగుళాలు. పెద్దాడు మూడంగుళాలు,” అన్నాడు. “గట్టు మీదయితే వారానికో వంకర. ఇక్కడ వంకర ఎప్పుడూ ఒకటే. నాకింకేం కావాలండీ?”

ఆ చప్టా మీద ఆయన పావుగంట పని అరనిమిషం అయింది. ఏలూరు నుంచి కొల్లేటి దాకా ఆయన ఆగిన చోట్లన్నిటిలోకీ అంత మంచి చోటు ఇంకోటి లేదని ఇప్పటికీ అంటాడు. బంగార్రాజు దూరంగా నిలబడి విన్నాడు. లోపలికొచ్చి బుడ్డి చూడమంటే, “నాకు తెలుసులెండి,” అన్నాడు, రాలేదు.

బాలస్వామి తప్పు ఒప్పుకున్నాడు. మిగిలిన కూలి చెరువు కౌలు రాగానే ఇస్తానన్నాడు. మరుసటేడు, 2006లో, కొల్లేటిలో ఆక్రమణలని చెప్పి ప్రభుత్వం చేపలచెరువుల గట్లు కొట్టించేసింది. కొమ్మరలంక ఉమ్మడి చెరువు కూడా అందులో పోయింది. కౌలు లేదు, ఊరి డబ్బూ లేదు. బాలస్వామి 2008లో గుండె ఆగి పోయాడు. 2009లో వ్యాను మరీ పాతదైపోయిందని కాగితాలు రెన్యూ చెయ్యబోమన్నారు రవాణా ఆఫీసువాళ్ళు. ఫ్రిజ్ ఆ రోజు దాకా చల్లగానే ఉంది. చివరి గురువారం దేవరాజు, మేస్త్రికి రావాల్సిన మిగతా కూలి నాలుగొందల యాభై రూపాయలు తన జేబులోంచి తీసి కవర్లో పెట్టి తీసుకెళ్ళాడు.

“చప్టా మీరు కట్టించారేటండీ?” అన్నాడు బంగార్రాజు. కవరు ముట్టుకోలేదు. “ఊరు కట్టించింది. ఊరే ఇవ్వాలి.”

అరటిచెట్లు చప్టా చుట్టూ పెరిగి, గెలలేసి, పోయి, మళ్ళీ పెరిగాయి. వాన పడితే నీళ్ళు ఇప్పటికీ ఎడమపక్కకే జారిపోతాయి. దేవరాజుకి హోటల్లో టేబుల్ మీద గ్లాసు పెడితే, తాగేముందు నీళ్ళు ఎటు ఒరిగాయో చూసే అలవాటు పోలేదు. కొమ్మరలంక ఊరు మేస్త్రి బంగార్రాజుకి ఆ చప్టా తాలూకు కూలి నాలుగువందల యాభై రూపాయలు ఇంకా బాకీ.